కోళ్ల కన్నా, విత్తనాల కన్నా ముందు నీళ్ల లెక్క

"ఉద్యోగం మానకుండానే, ఉన్న కొద్ది స్థలంలో మా తిండి కొంతైనా మేమే పండించుకోవాలని ఉంది. ముందు కోళ్లు తెచ్చుకోవాలా, కూరగాయలు వేయాలా?" అని అడిగారు. ఆ రెంటికన్నా ముందు నీళ్ల సంగతి చూసుకోండి. ఆరేళ్ల కిందట నేను అది చూసుకోకుండా దిగాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మొదటి ఏడాది 40 చదరపు మీటర్లలో మళ్లు కట్టి, దొరికిన విత్తనమల్లా వేశాను. ఎండలు ముదిరేసరికి మొక్కలు సాయంత్రమైనా తేరుకునేవి కావు. అప్పుడు కూర్చుని లెక్క వేశాను. గట్టి ఎండల్లో చదరపు మీటరు మడికి రోజుకు దాదాపు 5 లీటర్లు కావాలి. అంటే మొత్తానికి 200 లీటర్లు, 10 లీటర్ల బకెట్లయితే ఇరవై. అదీ రోజూ, డ్యూటీకి వెళ్లేలోపు. నా వల్ల కాలేదు. సగానికి పైగా మళ్లు కళ్ల ముందే ఎండిపోయాయి, చాలా బాధపడ్డాను.

మరుసటి ఏడాది 10 చదరపు మీటర్లే వేశాను. ఇంటికప్పు మీద పడే వాన నీళ్లను డ్రమ్ముల్లోకి మళ్లించాను. చదరపు మీటరు కప్పు మీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు. 50 చదరపు మీటర్ల కప్పు మీద 20 మిల్లీమీటర్లు కురిస్తే వెయ్యి లీటర్లు, వృథా పోను 800 దాకా దక్కుతాయి. మొదటి జల్లు దుమ్మూ రెట్టలూ కడుక్కొస్తుంది, దాన్ని బయటికి వదిలేయండి. డ్రమ్ములకు మూత తప్పనిసరి, లేకపోతే దోమలు.

అన్నిటికన్నా నన్ను ఆదుకున్నవి మాత్రం ఎండుటాకులు. మొదళ్లకు తగలకుండా మడంతా మూడు నాలుగు అంగుళాల మందాన పరిచాను. వారం తర్వాత ఒక మిట్టమధ్యాహ్నం ఆకులు పక్కకు జరిపి వేలు గుచ్చితే రెండో కణుపు దాకా చల్లగా, తడిగా తగిలింది. ఒక వానపాము మెలికలు తిరుగుతూ లోపలికి పోయింది. అక్కడికి జానెడు దూరంలో, ఆకులు లేని చోట, నేల నెర్రెలు విచ్చి వేలే దిగలేదు. ఆ రోజు నుంచి ఎండుటాకు ఒక్కటి కూడా తగలబెట్టలేదు.

కంపోస్టు గురించి టెన్షన్ పడకండి. ఒక బుట్ట వంటింటి చెత్తకు రెండు మూడు బుట్టల ఎండుటాకులు కలపండి. గుప్పెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. కంపు కొడుతోందంటే తడి ఎక్కువైనట్టే, ఇంకాస్త ఎండుటాకు వేసి తిరగేయండి.

విత్తనాలు దాచుకోవాలంటే చిక్కుడు, టమాటా జాతులతో మొదలుపెట్టండి, వాటిలో పరసంపర్కం (వేరే మొక్క పుప్పొడి వచ్చి కలవడం) తక్కువ. హైబ్రిడ్ రకాల విత్తనం దాచి వేస్తే తల్లి మొక్కలాంటిదే వస్తుందన్న నమ్మకం లేదు.

కోళ్లు రెండో ఏడాదికి ఉంచండి. ఒక్కో కోడికి రోజుకు 100 నుంచి 120 గ్రాముల మేత, ఎప్పుడూ శుభ్రమైన నీళ్లు, చీకటి పడగానే గూటి తలుపు వేసే మనిషి కావాలి. మీరు ఊళ్లో లేని రోజు ఆ తలుపు ఎవరు వేస్తారో తేలాకే తెచ్చుకోండి.

మీ కప్పు ఎన్ని చదరపు మీటర్లో, స్థలంలో ఎన్ని గంటలు ఎండ పడుతుందో రాయండి, ఎన్ని మళ్లతో మొదలుపెట్టాలో చూద్దాం.