పోర్చుగీసులో "ఫికార్": ఉండటమా, అవ్వటమా?

ఇంగ్లీషు ద్వారా పోర్చుగీసు నేర్చుకునేవాళ్లు ఈ క్రియ దగ్గర తప్పకుండా ఆగుతారు. నిఘంటువులో స్టే, బికమ్, బీ అని మూడు అర్థాలుంటాయి, ఏది ఎక్కడో తెలియదు. ఇంగ్లీషు పక్కనపెట్టి "ఒక చోటికో స్థితికో చేరి అక్కడ నిలవడం" అనుకోండి, చాలావరకు తేలిపోతుంది. (ఉచ్చారణలు బ్రెజిల్‌వి.)

"ఫికేయ్ ఎం కాజా" అంటే ఇంట్లోనే ఉండిపోయాను. "ఫికేయ్ త్రిస్చి" అంటే బాధపడ్డాను, అంటే ఏదో జరిగి ఆ స్థితిలోకి వచ్చాను. అదే "ఎస్తో త్రిస్చి" అంటే ఇప్పుడు బాధలో ఉన్నాను, అంతే. ఈ తేడా పట్టుబడితే సగం పని అయిపోయినట్టే.

"ఓంజి ఫీకా ఉ బాంకు?" అంటే బ్యాంకు ఎక్కడుంది? ఇలా భవనాలు, ఊళ్లు లాంటి కదలని వాటికే వాడండి. తాళాలు ఎక్కడున్నాయో అడగాలంటే "ఎస్తార్" (పైన చూసిన "ఎస్తో" దీని రూపమే) కావాలి.

తెలుగువాళ్లకు బాగా అందేది మరో వాడుక: "ఫికో ఒల్యాండు", అలా చూస్తూ ఉండిపోయాడు. మన "ఉండిపో" ఇక్కడ ఇంగ్లీషు కన్నా చక్కగా అతుకుతుంది. పోర్చుగల్‌లో మాత్రం ఇదే మాటను "ఫికో ఆ ఒల్యార్" అంటారు.

"ఫికో జి లిగార్" అంటే ఫోన్ చేస్తానన్నాడు. చేశాడా లేదా అన్నది ఆ మాటలో ఉండదు.

ఒక్క జాగ్రత్త. బ్రెజిల్ యువత మాటల్లో ఫలానా వ్యక్తితో "ఫికార్ కోం" ("కోం" అంటే "తో") అంటే, బంధం అంటూ ఏమీ లేకుండా ముద్దుల వరకో ఇంకాస్త దూరమో వెళ్లడం. అందుకే స్నేహితుల ఇంట్లో దిగాను అని చెప్పడానికి "కోం" వాడకుండా "ఫికేయ్ నా కాజా" (ఇంట్లో ఉన్నాను) అని మొదలుపెట్టండి.