ఈస్టర్ గుడ్ల వేట: ఎండకూ, పెద్దపిల్లల దూకుడుకూ విరుగుడు

సోదరి గారికి, కడపలో మీ పెరట్లో నిరుడు పెట్టిన ఈస్టర్ గుడ్ల వేటలో (దాచిన గుడ్లను పిల్లలు వెతికి ఏరుకునే ఆటలో) చాక్లెట్లు కరిగిపోయాయనీ, పెద్దపిల్లలే అన్నీ ఏరుకోగా చిన్నవాళ్లు ఏడ్చారనీ రాశారు. ఈస్టర్ ఎప్పుడూ మార్చి 22కూ ఏప్రిల్ 25కూ మధ్యనే వస్తుంది కనుక మన సీమ ఎండ తప్పదు. చాక్లెట్లు మానేసి, ఉడికించిన కోడిగుడ్లకు ఇంట్లోనే రంగు వేయండి. ఉల్లిపొట్టును నీళ్లలో అరగంట మరిగించి, వడగట్టి, చెంచాడు వెనిగర్ కలిపి అందులో గుడ్లను నానబెడితే ఇటుక రంగు పడుతుంది. బీట్‌రూట్ నీళ్లలో గులాబీ రంగు వస్తుంది. పసుపు కూడా బాగుంటుంది గానీ, చేతులకు అంటితే ఒక పట్టాన వదలదు.

తెల్లవారుజాము ఆరాధన నుంచి రాగానే వేట మొదలుపెట్టండి. 32 డిగ్రీలు దాటిన వేడిలో గంటకు మించి బయట ఉన్న గుడ్డును తినకూడదు. ఎండ తగిలే కడప బండల మీద అసలే పెట్టవద్దు.

గులాబీ గుడ్లు ఐదేళ్లలోపు వారికే అని ముందే చెప్పి, జామచెట్టు మొదట్లో కనబడేటట్టు ఉంచండి. పెద్దవారికి ఇటుక రంగువి కేటాయించి, "మట్టిలో పుట్టి, మంటలో కాలి, చల్లదనం పంచుతాను" వంటి పొడుపుకథ చీటీ ఇస్తే, వారు నీళ్లకుండ వెనుక వెతుక్కుంటారు. దాచిన చోట్లన్నీ కాగితం మీద రాసుకోండి. మా ఇంట్లో ఒక గుడ్డు మూడో రోజున వాసనను బట్టి దొరికింది.