అనుబియాస్ కుళ్లిపోతుంటే ముందు రైజోమ్ చూడండి

గోల్డ్ ఫిష్ ట్యాంకులో అనుబియాస్ అనే నీటి మొక్క మొదలు కుళ్లి ఆకులు ఊడిపోతున్నాయన్నారు కదా, మీరు పెట్టిన ట్యాంకు ఫోటోలోనే కారణం కనిపిస్తోంది. అడ్డంగా పాకే ఆ లావుపాటి కాడను, అంటే రైజోమ్‌ను, గులకరాళ్ల కింద పూడ్చేశారు. అది ఎప్పుడూ బయటే ఉండాలి. మెత్తబడిన భాగం కోసేసి, గట్టిగా ఉన్న ముక్కను నూలు దారంతో డ్రిఫ్ట్‌వుడ్‌కి, అంటే ట్యాంకులో అలంకరణకి పెట్టే చెక్కకి, కట్టండి, కొన్నాళ్లకు వేళ్లే చెక్కను పట్టుకుంటాయి, పైగా చేపలు ఎంత తవ్వినా మొక్క లేచిపోదు. జావా ఫెర్న్ అనే మరో నీటి మొక్కకీ ఇంతే. చెక్కను నట్టనడుమ కాకుండా ఓ పక్కకి జరిపి, ముందు భాగం ఖాళీగా వదిలేయండి, చేపలకి ఈదడానికి చోటే ముఖ్యం. ఫోటోలో ఉన్న ఆ పదును అంచుల ప్లాస్టిక్ కోట బొమ్మ మాత్రం దయచేసి తీసేయండి, చేపల తోకలు చిరిగిపోతాయి. లైటు రోజుకి 6-8 గంటలు చాలు, ఎక్కువైతే అనుబియాస్ ఆకుల మీద నాచు పేరుకుంటుంది.