ఇంట్లో చేసుకున్న వెదురు గాలపుకర్ర మెరవాలంటే ఎన్ని కోట్లు వార్నిష్ వేయాలి?

మూడు చాలు. వార్నిష్ కోట్ల సంగతే చెబుతున్నాను, రెండో రకం కోట్లు నా దగ్గర లేవు. ముందు ఏ నెలలో వేస్తున్నారో చెప్పండి. చెన్నైలో ఉంటూ అక్టోబరు, డిసెంబరు మధ్య ఈ పని పెట్టుకుంటే మీకూ నా గతే.

మాది పెరంబూరులో రెండో అంతస్తు. నాయుడుపేట నుంచి ఏడడుగుల వెదురు తెచ్చాను. కండక్టరు దానికీ లగేజీ టికెట్ కొట్టాడు. కణుపులు స్టవ్ మంట మీద తిప్పుతూ కాచి, వంకర తీసి, పైకి చెమటలా ఊరిన మైనాన్ని పాత లుంగీ గుడ్డతో రుద్దితే కర్ర తేనె రంగు తిరిగింది. అక్కడితో ఆపితే సరిపోయేది. అద్దంలా మెరవాలని నాకు పంతం.

లక్క పెచ్చులు స్పిరిట్‌లో నానబెట్టి, గుడ్డ ఉండతో పూశాను. బయట నవంబరు ముసురు. కాసేపటికి కర్రంతా మజ్జిగ పోసినట్టు తెల్లబడింది. స్పిరిట్ చప్పున ఆరిపోతూ పైపూతను చల్లబరుస్తుంది, గాలిలోని తేమ వచ్చి అక్కడ పడుతుంది. ఇది తర్వాత తెలిసిన సంగతి. అప్పుడైతే టెన్షన్‌లో ఫ్యాన్ పెంచాను, ఇంట్లో దుమ్మంతా దానికే అంటుకుంది. మా ఆవిడ వచ్చి చూసి, "చేపలకు పెళ్లిచూపులా అండీ?" అంది.

కింది ఇంటి వడ్రంగి ఆచారిది నెల్లూరు. "అబ్బయా, ఎండలు కాసిందాకా దాని జోలికి పోబాక" అన్నాడు.

ఫిబ్రవరి దాకా ఆగాను. స్పిరిట్ గుడ్డతో పాత పూత తుడిచేసి, నూనె వార్నిష్‌లో కాస్త టర్పెంటైన్ కలిపి వేలితో పూశాను. బ్రష్ వెంట్రుకలు రాలుస్తుంది, వేలు రాల్చదు. పూతకూ పూతకూ మధ్య ఒక రోజు, ఆరాక 600 నంబరు ఉప్పుత్తాళ్‌తో తేలిగ్గా ఒక రుద్దుడు. ఇక్కడ గరుకు కాగితాన్ని అలాగే అడగాలి. ఏ నంబరు అడిగినా బాగా గరుకైన 80 చేతిలో పెట్టే షాపువాళ్లను ఏమనాలో నాకు తెలియదు. దాంతో వెదురు పైతోలు గీకారో, కర్ర పోయినట్టే. బలమంతా ఆ తోలు కింద దట్టంగా ఉన్న నారలోనే ఉంటుంది. కణుపుల బొడిపెలు మాత్రం నునుపు చేయండి, చాలు.

అవిసె నూనె వాడేవాళ్లు తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి పడేయకండి. వాటంతట అవే వేడెక్కి నిప్పంటుకోవచ్చు. పరిచి ఆరబెట్టండి.

ఇంతా చేసి, చివర్లో ఆ మెరుపును నేనే తీసేశాను. 1000 నంబరు కాగితం నీళ్లలో ముంచి రుద్దితే మసకబారింది. ఎండలో కర్ర తళుక్కుమంటే చేప దగ్గరికి రాదు. రుజువులడగొద్దు, మా ఊరి చెరువు గట్టున కూర్చున్న ఎవరినైనా అడగండి.

మూడో పూత రాత్రి కర్రను మెట్ల దగ్గర వేలాడదీస్తే ఒక దోమ వచ్చి వాలింది. పీకితే దోమ వచ్చింది, కాలు ఉండిపోయింది. నాలుగో కణుపు పక్కన ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ కర్రతో పోయిన సంక్రాంతికి నాలుగు జిలేబీ చేపలు పడ్డాయి.