రెండో ప్రపంచ యుద్ధంలో 4వ ఇండియన్ డివిజన్ ఎక్కడెక్కడ పోరాడింది?

బ్రిటిష్ ఇండియా సైన్యంలోని పెద్ద దళం, ఎర్ర గద్ద గుర్తున్న ఈ డివిజన్ 1940 డిసెంబరులో ఈజిప్టులోని సిదీ బర్రానీ దగ్గర ఇటలీ సేనను ఓడించింది. వెంటనే దాన్ని తూర్పు ఆఫ్రికాలోని ఎరిత్రియాకు తరలించారు. అక్కడ కెరెన్ కొండల్లో పైనుంచి తుపాకులు పేలుతుంటే, నీళ్లూ మందుగుండూ మోసుకుంటూ నిటారు రాళ్లు ఎక్కాలి. మొదటి దాడులు విఫలమయ్యాయి, 1941 మార్చి 27న గానీ పట్టు చిక్కలేదు. నా దృష్టిలో వాళ్ల అసలు పరీక్ష ఇదే.

తర్వాత లిబియా, ట్యునీషియా. 1944లో ఇటలీలోని కసీనో: అక్కడ ఎత్తున ఉన్న క్రైస్తవ మఠం కిందున్న కొండపై ఈ డివిజన్‌లోని గూర్ఖా దళం వారానికి పైగా చిక్కుకుపోయింది, తిండి కూడా విమానాల నుంచి జారవిడిచారు. చాలామంది చనిపోయినా మఠం వీళ్లకు దక్కలేదు. మే నెలలో పోలిష్ సైనికులు అందులోకి అడుగుపెట్టారు. ఆ ఏడాది చివర్లో డివిజన్ గ్రీసుకు వెళ్లింది.