పక్క సీటు అక్క ఇప్పించిన పాలసీ కొనసాగించాలా?

ప్రశ్న: మాది నాయుడుపేట. ఎంబీఏ అయ్యాక చెన్నైలో ఓఎంఆర్ రోడ్డు మీద ఒక పెద్ద కంపెనీలో హెచ్‌ఆర్ అప్రెంటిస్‌గా చేరి నాలుగు నెలలైంది. కాంట్రాక్టు ఏడాది. స్టైపెండ్ 18,000. అందులో 13,500 కంపెనీ వేస్తుంది. 4,500 ప్రభుత్వం నుంచి ఆధార్ లింకైన ఖాతాలో పడుతుంది, అదీ రెండు నెలలు ఆలస్యంగా. హాస్టల్‌కి భోజనంతో కలిపి 7,000. ఇంటికి 3,000 పంపుతాను. నా లాప్‌టాప్ కోసం అమ్మ డ్వాక్రా గ్రూపులో తీసుకున్న అప్పుకి అది కిస్తీ. నాకు పీఎఫ్ లేదు. ‘పీఎఫ్ లేదుగా, ఇదైనా కట్టుకో’ అని మా టీమ్‌లో తెలుగు అక్క ఒకరు, ఏజెంటుగా చేసే వాళ్ళాయనతో నెలకు 2,500 పాలసీ ఇప్పించారు. ఒక నెల కట్టాను. బాండు వచ్చి పది రోజులైంది. కొనసాగించాలా? నెలాఖరుకి చేతిలో పైసా ఉండటం లేదు.

జవాబు: ముందు పాలసీ సంగతి చూద్దాం, దానికి గడువుంది కాబట్టి. బాండు మీ చేతికి వచ్చిన రోజు నుంచి 30 రోజుల్లోపు వద్దనుకుంటే తిరిగి ఇచ్చేయొచ్చు. దీన్ని ఫ్రీ లుక్ అంటారు. పది రోజులు పోయాయి, ఇంకా ఇరవై ఉన్నాయి. ఈ వారంలోనే పని పూర్తి చేయండి. స్టాంపు డ్యూటీ, ఇన్ని రోజుల బీమా ఖర్చు, వైద్య పరీక్షలు చేయించి ఉంటే వాటి ఖర్చు పట్టుకుని మిగతా డబ్బు వెనక్కిస్తారు. ఉత్తరం ఏజెంటు చేతికి ఇవ్వకండి. నేరుగా బీమా కంపెనీ బ్రాంచిలో ఇచ్చి, కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ఈమెయిల్ కూడా పెట్టండి. బ్యాంకులో ఆటో డెబిట్ ఆపించడం మరచిపోవద్దు. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు, పాలసీ రద్దయిందనుకుంటే వచ్చే నెల ఖాతాలోంచి మళ్ళీ డబ్బు పోతుంది.

ఎందుకు వద్దంటున్నానంటే, మీ లెక్క మీరే చూడండి. ప్రతి నెలా ఖాయంగా వచ్చేది 13,500. హాస్టల్, ఇల్లు పోగా 3,500. అందులో 2,500 పాలసీకి పోతే మిగిలేది వెయ్యి. ఫోన్ రీచార్జి, సబ్బులు, షాంపూ, సాయంత్రం టీ, పండక్కి ఊరెళ్ళే టికెట్ అన్నీ ఆ వెయ్యిలోనే. నెలాఖరుకి పైసా ఉండటం లేదంటే మీరు దుబారా చేస్తున్నారని కాదు. పైగా ఎనిమిది నెలల తర్వాత మీ కాంట్రాక్టు అయిపోతుంది. అప్పటికి పాలసీకి ఏడాది కూడా నిండదు. ఇలాంటి పొదుపు పాలసీల్లో మొదటి ఏడాది ప్రీమియం పూర్తిగా కట్టకుండా ఆపేస్తే కట్టిందంతా పోయినట్టే.

అక్కతో ఎలా చెప్పాలనే టెన్షన్ మీకు ఉండే ఉంటుంది. రోజూ పక్క సీట్లో కూర్చునే మనిషి కదా. ‘అక్కా, కాంట్రాక్టు ఏడాదే, తర్వాత కట్టగలనన్న నమ్మకం లేదు, అందుకే వెనక్కిస్తున్నాను’ అని ఉన్నదున్నట్టు చెప్పండి. ఉత్తరంలో కారణంగానూ అదే రాయండి. ఆవిడ నాలుగు రోజులు ముభావంగా ఉంటే ఉండనివ్వండి. మొహమాటానికి ఏడాదికి 30,000 కట్టే స్థితిలో మీరు లేరు.

ఇక పీఎఫ్. కొత్తగా చేరేవాళ్ళ జాయినింగ్ కాగితాలు, పీఎఫ్ నామినేషన్ ఫారాలు రోజూ మీ చేతుల మీదుగానే వెళుతుంటాయి. అందరి ఫారాలూ సరిచూసే మీకు మాత్రం పీఎఫ్ లేకపోవడం మనసుకి కష్టంగానే ఉంటుంది. కానీ కంపెనీ మిమ్మల్ని మోసం చేయడం లేదు. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద చేరినవాళ్ళు శిక్షణలో ఉన్నవాళ్ళే తప్ప ఉద్యోగులు కారు. అందుకే పీఎఫ్, ఈఎస్‌ఐ వర్తించవు. రేపు ఉద్యోగిగా చేరితే 15,000 బేసిక్ మీద మీ వాటా 1,800, కంపెనీ వాటా 1,800 పడతాయి. మీ వయసుకి ఈ ఒక్క ఏడాది పీఎఫ్ లేకపోతే పెద్ద నష్టమేమీ లేదు. ఆ లోటు పూడ్చడానికి పీపీఎఫ్ కూడా ఇప్పుడు వద్దు, 15 ఏళ్ళ గడువున్న ఖాతా అది.

మీకు అసలు భయం ఉండాల్సింది పదమూడో నెల గురించి. కాంట్రాక్టులో రాసి ఉంటే తప్ప, శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలని చట్టం చెప్పదు. ఆ నెల స్టైపెండ్ రాదు. హాస్టల్ ఫీజు, అమ్మ కిస్తీ మాత్రం ఆగవు. డబ్బు చేతిలో లేకపోతే వచ్చిన మొదటి ఆఫర్‌కే, వాళ్ళు ఎంతిస్తే అంతకే తల ఊపాల్సి వస్తుంది. లేదంటే ఫోన్‌లో ఏదో లోన్ యాప్ నొక్కుతారు. నా దగ్గరికి సలహాకి వచ్చే పిల్లల్లో ఈ రెండోదే ఎక్కువగా చూస్తున్నాను, బాధేస్తుంది.

కాబట్టి ఇలా చేయండి. 4,500 అసలు రాదనుకుని నెల నడపండి. ఆలస్యంగా వచ్చే డబ్బు కాబట్టి దాన్ని నమ్ముకోవడం ఎలాగూ కుదరదు, ఆ ఆలస్యాన్నే పొదుపుగా మార్చుకుందాం. ఆ ఖాతాని ఫోన్‌పేకి, గూగుల్ పేకి లింక్ చేయకండి. ఏటీఎం కార్డు ఊళ్ళో అమ్మ దగ్గర పెట్టండి. ఇంకా రావాల్సినవి పది నెలలవి, అంటే 45,000. పాలసీ ఆగితే 13,500లోంచి కూడా నెలకు వెయ్యి మిగలాలి, ఎనిమిది నెలలకు 8,000. మొత్తం 53,000. నెలకు పన్నెండున్నర వేల ఖర్చు చొప్పున నాలుగు నెలలు గడుస్తుంది. ఉద్యోగం వెతుక్కోవడానికి ఆ నాలుగు నెలలు మీకు చాలా విలువైనవి.

ఒకవేళ ప్రభుత్వ వాటా రెండు నెలలు దాటినా రాకపోతే ఊరుకోకండి. ఆధార్‌కి ఏ ఖాతా లింకయి (సీడ్ అయి) ఉందో ఆధార్ సంస్థ ఉడాయ్ వెబ్‌సైట్‌లో చూడండి. కాలేజీ రోజుల్లో తెరిచిన పాత ఖాతాకి డబ్బు వెళ్ళిపోయి ఉండొచ్చు. అది సరిగ్గానే ఉంటే, తరమణిలో అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ బోర్డు దక్షిణ ప్రాంత కార్యాలయం ఉంది. ఓఎంఆర్ నుంచి దగ్గరే, కాంట్రాక్టు కాపీ పట్టుకుని స్వయంగా వెళ్ళి అడగండి.

బస్సు ఖర్చు గురించి మీరు రాయలేదు. 2021 మే నుంచి చెన్నై సాధారణ సిటీ బస్సుల్లో ఆడవాళ్ళకి చార్జీ లేదు. షేర్ ఆటో ఎక్కే అలవాటుంటే పది నిమిషాలు ముందు బయల్దేరండి.

బీమా కావాలనుకోవడం మాత్రం తప్పు కాదు, ఇంటికి డబ్బు పంపే పిల్ల మీరు. బ్యాంకులోనే ఏడాదికి 436 కడితే 2 లక్షల జీవిత బీమా ఇచ్చే జీవన్ జ్యోతి, 20 కడితే 2 లక్షల ప్రమాద బీమా ఇచ్చే సురక్షా బీమా ఉన్నాయి. నామినీగా అమ్మ పేరు రాయండి. ఆసుపత్రి ఖర్చుకి కంపెనీ గ్రూపు పాలసీలో అప్రెంటిస్‌లను చేర్చారో లేదో చూడండి, ఆ ఫైలు మీ డిపార్ట్‌మెంట్‌లోనే ఉంటుంది. పన్ను గురించి చింత అక్కర్లేదు. ఏడాదికి 2,16,000కి పన్ను పడదు. పొరపాటున కంపెనీ ముందే పన్ను (టీడీఎస్) కోసి ఉంటే రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోండి.

తొమ్మిది నెలలు నిండగానే మీ మేనేజరుని అడగండి, ‘సార్, శిక్షణ అయ్యాక నన్ను తీసుకునే ఆలోచన ఉందా?’ అని. అవునన్నా కాగితం వచ్చేదాకా ఆ 53,000 ముట్టుకోకండి. లేదని చెబితే, బయట ఇంటర్వ్యూలకి వెళ్ళడానికి ఇంకా మూడు నెలల స్టైపెండ్ మీ చేతిలో ఉంటుంది.