ఒకే మేకు, ఎన్ని పటాలు?

ప్రశ్న: మా అమ్మాయి చెక్ రిపబ్లిక్‌లోని బ్ర్నో నగరంలో ఉద్యోగం చేస్తోంది. ఇంటి యజమానురాలు 1932లో పుట్టిన విశ్రాంత ఉపాధ్యాయిని. “నేను చదువుకున్న బడిలోనే చదువు చెప్పాను. నల్లబల్ల పైన మేకు అదే, పటాలే మారాయి” అన్నారట. ఆ పటాలు ఎవరివి?
– ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: ఆమె ఆరో ఏట, అంటే 1938 సెప్టెంబరులో, బడిలో చేరి ఉంటే మొదట చూసిన పటం అప్పటి చెకోస్లొవేకియా అధ్యక్షుడు ఎడ్వర్డ్ బెనెష్‌ది. ఆ నెలాఖరునే మ్యూనిక్‌లో బ్రిటన్, ఫ్రాన్స్, ఇటలీ కలిసి చెకోస్లొవేకియా సరిహద్దు ప్రాంతాలను హిట్లర్‌కు ఒప్పగించాయి. చర్చకు ఆ దేశాన్ని పిలవనైనా లేదు. బెనెష్ రాజీనామా చేయగా ఎమిల్ హాఖా వచ్చాడు. 1939 మార్చి 15న జర్మన్ సైన్యం మిగిలిన చెక్ భూభాగాన్నీ ఆక్రమించాక, హాఖా పేరుకే అధ్యక్షుడిగా మిగలగా, హిట్లర్ పటమూ గోడకెక్కింది. ఆ ఏడాది నవంబరు 17న చెక్ విశ్వవిద్యాలయాలన్నీ మూతపడ్డాయి. ఆమె ఊళ్లోనే కౌనిట్స్ విద్యార్థి వసతిగృహాన్ని నాజీ రహస్య పోలీసు దళం గెస్టపో చెరసాలగా మార్చి, అక్కడే మరణశిక్షలు అమలు చేసింది.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన విశాఖపై బాంబులు వేశాయి కదా, ఏడు వారాలు దాటాక, మే 27న, ప్రాగ్‌లో నాజీ పాలకుడు హైడ్రిఖ్‌పై దాడి జరిగింది. ప్రతీకారంగా జూన్ 10న లిడిట్సే గ్రామంలో 173 మంది మగవాళ్లను కాల్చి, ఆడవాళ్లను నిర్బంధ శిబిరానికి పంపి, ఊరినే నేలమట్టం చేశారు. యుద్ధం ముగిశాక ఆ ఊరి పిల్లల్లో 17 మందే తిరిగివచ్చారు; జర్మన్ కుటుంబాల్లో పెరిగినవాళ్లు చెక్ భాషనే మరచిపోయారు. ఆమె ఈడు పిల్లలే వాళ్లు.

1945లో బెనెష్ పటం మళ్లీ వచ్చింది. 1948 ఫిబ్రవరిలో కమ్యూనిస్టులు అధికారం చేజిక్కించుకున్నాక వాళ్ల అధ్యక్షులు గొట్వాల్డ్, ఆపైన జాపొతొత్స్కీ, నొవొత్నీ వరుసగా ఎక్కారు. చిన్నప్పుడు జర్మన్ తప్పనిసరిగా నేర్చిన తరానికి, ఇప్పుడు బడుల్లో తప్పనిసరైన రష్యన్ ఎదురైంది.

అయితే పటాలను బట్టి లెక్కగడితే ఒకచోట పొరబడతాం. 1968 మార్చిలో అధ్యక్షుడైన స్వొబొద (ఆ ఇంటిపేరుకు చెక్ భాషలో స్వేచ్ఛ అని అర్థం!) పటం 1975 దాకా కదలలేదు. ఆ మధ్యనే 1968 ఆగస్టు 21న సోవియట్ కూటమి సేనలు దేశంలోకి చొరబడ్డాయి. దానిని సోదర సహాయంగా ఒప్పుకుంటావా అని ఉపాధ్యాయులను విచారించి, ఒప్పుకోని ఎందరినో బడుల నుంచి వెళ్లగొట్టారు. తరువాతి పటం గుస్తావ్ హుసాక్‌ది. విశ్వవిద్యాలయాలు మూతపడి 50 ఏళ్లయిన సందర్భంగా 1989 నవంబరు 17న ప్రాగ్ విద్యార్థులు తీసిన ఊరేగింపు ఉద్యమంగా మారి, డిసెంబరు 29న వాత్స్లావ్ హావెల్ అధ్యక్షుడయ్యాడు.

మీ అమ్మాయిని స్వొబొద పటం కింద గడిచిన ఆ ఏడేళ్ల గురించే ఆమెను అడగమనండి. ఆ విచారణలో ఆమె ఏమని జవాబిచ్చిందో, ఇవ్వవలసి వచ్చిందో, ఏ పటమూ చెప్పదు.